థార్న్‌బెక్ టౌన్ కోసం ఉపవాసం

నోయిడాలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ప్రతివాడికీ ఇంగ్లండ్‌లో ఒక క్లబ్బు ఉంటుంది, అది ఎప్పుడూ గెలిచేదే అయి ఉంటుంది. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఆమోసు మాత్రం ఏరికోరి థార్న్‌బెక్ టౌన్‌ను పట్టుకున్నాడు. ఎక్కడో అడుగున ఉండే లీగులో ఆడే ఆ జట్టును సొంత ఊరివాళ్లే చూడటం మానేశారు. దాని చరిత్ర మాత్రం ఆమోసుకు కంఠతా వచ్చు. సండే స్కూలు కుర్రాళ్లు తాగుడు జోలికి పోకుండా ఒక పాస్టరుగారు బంతి కొనిచ్చి మొదలుపెట్టిన జట్టది. ఒకసారి స్టేడియం కాలిపోయింది, ఇంకోసారి యజమాని పారిపోయాడు. కప్పు మాత్రం ఒక్కసారీ రాలేదు.

"ఇది దేవుడి జట్టు" అనేవాడు ఆమోసు.

"ఆ సంగతి దేవుడికి తెలుసా?" అనేది నర్సు ఉద్యోగం చేసే భార్య జయశీల.

ఈ ఏడాది వరసగా ఓడి, ఆ లీగులోంచి కూడా ఇంకా కింది లీగుకు జారిపోయే పరిస్థితి వచ్చింది. ఆమోసుకు అన్నం సయించలేదు. ఆదివారం తెలుగు ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పేవేళ లేచి, "ఇంగ్లండ్‌లో ఒకరి పరిస్థితి ఏం బాగోలేదండి, ప్రార్థించండి" అన్నాడు. పేరు చెప్పని మనవి అంటే పైకి చెప్పుకోలేని పెద్ద రోగమని మన సంఘాల్లో లెక్క. అందరూ కళ్లు తుడుచుకున్నారు. బీపీ మాత్రలు మింగే కాంతమ్మగారైతే శుక్రవారాలు ఉపవాసం పట్టారు. ఆమోసుకు సిగ్గేసింది. కానీ ఉపవాసం మొదలయ్యాక జట్టు ఒక మ్యాచ్ గెలిచింది. ఇంక నోరెలా విప్పుతాడు?

"ఆవిడ కళ్లు తిరిగి పడితే నా వార్డుకే తెస్తారు. ఈ ఆదివారం మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది జయశీల.

శనివారం చివరి మ్యాచ్‌లో థార్న్‌బెక్ శుభ్రంగా ఓడి కింది లీగుకు పోయింది. మర్నాడు ఆమోసు లేచి మొత్తం చెప్పేశాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. గెలిచే జట్లవాళ్లకు అర్థంకాని ఏడుపది.

"బంతాట కోసమా నా కడుపు మాడ్చావు?" అన్నారు కాంతమ్మగారు.

వెనక వరసలో ఐటీ కుర్రాడు నోయల్‌కు ధైర్యం వచ్చింది. ఏటా కప్పు కొట్టే తన క్లబ్బు ఈసారి రెండో స్థానంలో ఉందట. "మా టీమ్‌కి కూడా ప్రేయర్ చెయ్యండి ఆంటీ" అన్నాడు.

"నువ్వు కూర్చోవయ్యా. డబ్బున్నోళ్లకి ఉపవాసాలెందుకు? ముందు ఇతగాడి జట్టు పైకి రావాలి." కాంతమ్మగారు ఆమోసు వైపు తిరిగారు. "మళ్లీ ఆట ఎప్పుడు?"

"ఆగస్టులోనండి."

"అచ్ఛా. అప్పటిదాకా తింటాను."