కొండల మీది పుల్లటి వాన

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో నేను క్యాంపస్‌లో రసాయనశాస్త్ర పరిశోధన చేస్తున్నాను. మాది వారాసిగూడ. నాతో ల్యాబ్‌లో పనిచేసే అక్కది కోస్తా. వాళ్ల నాన్న అక్కడ చర్చి స్కూల్లో టీచరు. ఫ్యాక్టరీలే లేని హిమాలయాల్లో కూడా ఆమ్ల వర్షం పడుతుందా అన్నది మా ప్రశ్న. ఆ వానాకాలం అక్క కొండలకు వెళ్లి, సీసాల్లో వాననీళ్లు పట్టి తెచ్చింది. ఆమెను తీసుకురావడానికి నేను సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లాను.

ఆ రోజు బంద్. ఆటో అతను మెట్టుగూడ దాటి రానన్నాడు. సీసాలున్న ఐస్ డబ్బాను చెరోవైపు పట్టుకుని క్యాంపస్‌కు నడిచాం. తార్నాకలో పోలీసులు ఆపారు. ఎస్సై సీసా మీద ఇంగ్లీషులో రాసింది చదివాడు.

"ఆసిడా? ఎవరి మీద పోస్తరు?"

"కొండల మీద పట్టిన వాననీళ్లు సార్, టెస్టింగ్‌కు" అన్నాను.

"వాన గీడ పడ్తలేదా? కొండల కెళ్లి తేవాల్నా?"

ఉద్యమానికి అడ్డా అయిన మా క్యాంపస్ ఐడీ కార్డులు చూపిస్తే అనుమానం ఇంకా పెరిగింది. అక్క మాట తీరు విని, "నువ్వు ఆంధ్రామెవు. ఈమెతోని నీకేం పని?" అన్నాడు. అక్క ముఖం చిన్నబోయింది.

"మా అక్క సార్" అన్నాను గట్టిగా.

అతను సీసాల మూతలు తీసి వాసన చూశాడు, అరచేతిలో పోసుకున్నాడు. మండకపోయేసరికి వదిలేశాడు.

డబ్బా అడుగున అతను మూత తీయని సీసాలను ల్యాబ్‌లో పరీక్షించాం. ఆ నీళ్లలో ఆమ్లం ఉంది. మా గైడ్ నమ్మలేదు. దారిలో టియర్ గ్యాస్ సోకి ఉంటుందన్నారు. అక్క బయటికి వెళ్లాక గొంతు తగ్గించి, "ఆమె అసలు కొండల దాకా పోయిందంటవా? గీడనే ఏమన్న కలిపిందేమో" అన్నారు.

"ఈసారి నేను కూడా పోత సార్" అన్నాను. ఆయన అన్నది అక్కకు చెప్పలేదు.

మరుసటి వానాకాలం ఇద్దరం వెళ్లాం. బస్సు దిగాక చాలాదూరం ఎక్కితే వచ్చే ఊరు అది. కడిగిన గిన్నెలో పడ్డ నీళ్లను అక్కడికక్కడే ఆమ్లం కొలిచే మీటర్‌తో చూశాం. అదే ఫలితం. మేం దిగిన ఇంటామె మా ముఖాలు గమనించి, ఈ నీళ్లు తాగొచ్చా అని హిందీలో అడిగింది. మనుషులకేం కాదు, చెట్లకే చెడు అని అక్క నచ్చజెప్పింది. ఆమె మమ్మల్ని కాసేపు ఎగాదిగా చూసి, చూరు కింద పెట్టిన బిందెను వంపేసింది.

తిరిగొచ్చాక గైడ్ తానే మీటర్ కడిగి, మేం తెచ్చిన నీళ్లను తానే కొలిచారు. "సరే, పేపర్ రాయండి" అన్నారు అక్క వైపు చూడకుండా.