హస్తవాసి కాదు

మొన్న మద్దిలపాలెం డిపోలో బస్సు కోసం నిలబడి ఉంటే, మా పాత వీధి మనిషి కనిపించి చెప్పాడు. "సిస్టరమ్మ పోనాది బావా. మంచి హస్తవాసి." మా వార్డు ఆరోగ్యకేంద్రంలో ఇరవై ఏళ్ళు పనిచేసిన నర్సు ఆమె. పలకరింపుకు వెళ్తే అక్కడా అందరి నోటా అదే మాట. నాకు ఆ మాటతోనే పేచీ.

మగ డాక్టరు జబ్బు కనిపెడితే చదువు అంటాం. ఆమె కనిపెడితే చేతిలో ఏదో మహిమ ఉన్నట్టు మాట్లాడతాం. ఇరవై ఏళ్ళు కళ్ళు పెట్టి చూసి, చెవులు పెట్టి విని సంపాదించుకున్న జ్ఞానాన్ని ఒక్క ముక్కలో దేవుడికి అప్పజెప్పేస్తాం. ఇది పొగడ్త అవుతుందా?

డెబ్బైల నడిమిలో సంగతి, పదిహేనేళ్ళ కిందటిది. నేను పోర్టులో గుమాస్తాని. ఫైళ్ళకన్నా కరపత్రాలు ఎక్కువ రాసేవాణ్ణి. నా భార్యకు ఎనిమిదో నెల. సీమంతానికి వేసిన గాజులు పురుడయ్యేదాకా తియ్యకూడదని మా అమ్మ నియమం.

గర్భిణులున్న ఇళ్ళకు సిస్టరమ్మే వచ్చేది. రాగానే మంచినీళ్ళు అడిగేది, అదీ గర్భిణినే. దాహం కాదని తర్వాతెప్పుడో తెలిసింది. "నడిసొచ్చేటప్పుడే మనిషి సగం సెప్పేత్తాది" అనేది. ఆ రోజు గ్లాసు అందుకుంటూ గాజుల కింద వేలు దూర్చబోయింది. దూరలేదు.

"ఇవి తిరగట్లేదేటి?"

"ఒళ్ళు సేసింది సిస్టరమ్మా. మగపిల్లాడే!" అంది మా అమ్మ, మురిసిపోతూ.

సిస్టరమ్మ నవ్వలేదు. నా భార్య కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసింది. గుంట పడింది. పది లెక్కపెట్టినా పూడలేదు.

"తలనొప్పేటైనా ఉందా అమ్మా?"

"రెండ్రోజుల్నించి. కళ్ళకి మసకలు కూడా."

ఆ మాట మాకెవరికీ చెప్పలేదు. మేం అడిగితే కదా!

రక్తపోటు చూసింది. మూత్రం గాజుగొట్టంలో పోసి దీపం మీద కాచింది. తెల్లగా విరిగింది. "ఇప్పుడే పెద్దాసుపత్రికి పదండి. ఫిట్సొస్తే తల్లీ పిల్లా ఇద్దరూ దక్కరు."

"ఇయ్యాల మంగళారం. గడప దాటకూడదు" అంది అమ్మ.

"రేపు మీటింగుంది. ఎల్లుండి పొద్దున్నే నేను తీసుకెళ్తాను" అన్నాను నేను.

"ఆవిడికి మంగళారం, నీకు మీటింగు. తేడా ఏటి బాబూ?"

పూర్ణా మార్కెట్ దగ్గర మూఢనమ్మకాల మీద నేను ఉపన్యసించాల్సిన మీటింగది.

సబ్బు రాసి గాజులు ఒక్కొక్కటీ తీసింది. చివరి రెండూ రాకపోతే గుడ్డ చుట్టి చిట్లగొట్టింది. మా అమ్మ గొల్లుమంది.

"నీ కొడుక్కేటీ అవదమ్మా. దున్నపోతునాగ నిలబడ్డాడు సూడు. ఒరే బాబూ, రిక్షా తే!"

తెచ్చాను. నా భార్య పక్కన ఆమే కూర్చుంది. నేను సైకిలు మీద వెనకాల వెళ్ళాను. ఆసుపత్రిలో పదకొండో రోజున నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ దక్కారు. ఆ పిల్ల ఇప్పుడు హైస్కూల్లో చదువుతూ నాతో వాదిస్తోంది.

మీకెలా తెలిసిందని అప్పట్లో అడిగాను. "అడిగితే సెప్తారు బాబూ. అడిగినోడు నోరు మూసుకుని ఇనాల" అంది. ఇంత బతుకు బతికీ ఆ రెండో సగం నాకింకా పూర్తిగా రాలేదు.

నెల కిందట ఆమెను చూడబోయాను. గుండె జబ్బుతో మంచం పట్టింది. మంచినీళ్ళు అడిగింది. తెచ్చిచ్చేసరికి, "నొప్పి ఎడం మోకాలేనా బాబూ?" అంది. దుప్పటి బయట ఆమె కాళ్ళు లావుగా కనిపించాయి. కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసి మనసులో లెక్కపెట్టాను.

"ఎంత?" అంది.

"ఇరవై దాటింది."

"ఊఁ" అని కళ్ళు మూసుకుంది, రాసుకోమన్నట్టు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. నా బొటనవేలి గుంట ఇంకా అక్కడే ఉంది.