ఆరు తీగలూ ఒకేలా

శ్రుతి మాస్టారు ఎలక్ట్రిక్ గిటారును బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, వెనక మూత విప్పి, లోపలి స్ప్రింగుల వైపు బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు. పగలు అద్దాల కొట్లో గాజు కోసే మనిషి. సాయంత్రాలు హోటలు భోజనశాలలో భార్య పాడుతుంటే పక్కన గిటారు వాయిస్తాడు. బావమరిది కీబోర్డు. బృందమంతా ఆ ముగ్గురే. తీగ రవ్వంత సడలినా గోడ అవతలి నుంచే పట్టేస్తాడని తోటివాళ్లు ఆయనకు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఆ పేరే ఆయన్ని వెక్కిరిస్తోంది.

కొన్ని వారాలుగా గిటారు అపశ్రుతి పలుకుతోంది. ఇంట్లో బంగారంలా ఉంటుంది. హోటల్లో పాట ఎత్తుకోగానే కీబోర్డుతో పేచీ పెట్టుకుంటుంది. ఆయన చేయని వైద్యం లేదు. తీగలన్నీ కొత్తవి వేశాడు. సాగిపోతున్నాయేమోనని ఒక్కొక్కటీ లాగి లాగి మళ్లీ బిగించాడు. మెడ చివర గాడుల్లో తీగ ఇరుక్కుంటోందేమోనని పెన్సిలు పొడి రుద్దాడు. తీగలు చుట్టే బిరడాల మరలు బిగించాడు. స్వరాన్ని ఊపే కడ్డీ మీద అనుమానమొచ్చి, దాన్ని పీకేసి కింద చెక్కముక్క దూర్చాడు. తల ప్రాణం తోకకొచ్చింది గానీ గిటారు దారికి రాలేదు.

"మీ గిటారు నన్ను పైకి ఈడుస్తోంది, తమ్ముడి కీబోర్డేమో కిందికి లాగుతోంది. మధ్యలో నేనెక్కడని పాడను?" అని భార్య విసుక్కుంది. "ఒకసారి మీ చెవి చూపించుకోరాదూ?"

ఆమె మామూలుగానే అంది. ఆయన గుండెలో మాత్రం రాయి పడింది. గాజు కోయడానికి చెవి అక్కర్లేదు. సాయంత్రం పూట ఆమె పక్కన నిలబడటానికి కావాలి. ఆ కాసేపటి కోసమే కదా ఆయన రోజంతా గాజుపొడి మింగేది!

హోటలు మేనేజరు తేల్చి చెప్పేశాడు. "ఏమనుకోకండి మాస్టారూ. ఈ శనివారం కూడా ఇలాగే ఉంటే గిటారుకి వేరే మనిషిని పెట్టుకుంటాను. మేడంగారిని మాత్రం వదులుకోలేను."

శనివారం ఆయన వేళకు ముందే హోటలు చేరాడు. బల్లల మీద ఇంకా గుడ్డలు పరుస్తున్నారు. భార్య లోపల ముస్తాబవుతోంది. బావమరిది కీబోర్డుకు వైర్లు తగిలిస్తున్నాడు. మాస్టారు గిటారు మెడకు ట్యూనర్ తగిలించాడు. ఆయన పుట్టినరోజుకు కూతురు కొనిచ్చిన అగ్గిపెట్టెంత పరికరం అది, తీగ శ్రుతిలో ఉంటే పచ్చగా వెలుగుతుంది. "చెవులున్నవాడికి ఇదెందుకే?" అని మొదట్లో ఎగతాళి చేశాడు గానీ, తర్వాత దానికే అలవాటు పడిపోయాడు. అంతకుముందు ఏళ్ల తరబడి బావమరిది దగ్గర ఒక స్వరం తీసుకుని దానికి తీగలు కలుపుకునేవాడు. ఇప్పుడు ఇంట్లోనే కలుపుకుని వచ్చేస్తున్నాడు.

ట్యూనర్ అన్ని తీగలకూ పచ్చగా వెలిగింది.

"ఒక్కో తీగకీ స్వరం ఇవ్వరా," అన్నాడు బావమరిదితో.

లావు తీగ మీటాడు. కీబోర్డు కంటే గిటారు రవ్వంత ఎక్కువ పలికింది. తర్వాతి తీగ. అదీ అంతే ఎక్కువ. వరసగా చివరిదాకా వచ్చాడు. అన్నీ అంతే.

మాస్టారు చెయ్యి ఆగిపోయింది. పాడైన గిటారు ఇలా చేయదు. జారితే ఏదో ఒక తీగ జారుతుంది, ఇరుక్కుంటే ఏదో ఒకటి ఇరుక్కుంటుంది. ఆరూ కూడబలుక్కున్నట్టు ఒకే కొలతలో తప్పవు. ఈ సంగతి ఆయనకు ఎప్పుడో తట్టాల్సింది. భయం తట్టనివ్వలేదు.

"కీబోర్డు శ్రుతి దించావా?"

బావమరిది తగిలించిన వైర్లే మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు.

"నిన్నేరా!"

"దించాను బావా. అక్కకి పై స్వరం అందట్లేదు. గొంతు చీలిపోతోంది. ఒకేసారి మెట్టు దించితే తనకి తెలిసిపోతుందని వారానికి కాస్త కాస్త తగ్గించాను. గొంతు దిగిన రోజున పాటే మానేస్తానని అంటుంది కదా."

"నాతో చెప్పి చావొచ్చు కదరా!"

"నువ్వెప్పుడూ నా దగ్గరే స్వరం తీసుకుంటావు, నీ తీగలూ నాతోపాటే దిగుతాయనుకున్నాను. ట్యూనర్ సంగతి తర్వాత అర్థమైంది. చెబుదామంటే భయమేసింది. నీ మొహం ఏదీ దాచలేదు బావా, అక్క ఇట్టే పట్టేస్తుంది."

మాస్టారికి వాణ్ణి కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ వెంటనే తన చెవి బాగానే ఉందన్న సంతోషం పొంగుకొచ్చింది. అలా పొంగినందుకు సిగ్గేసింది. తన చెవి బాగుందంటే, పోతున్నది ఆమె గొంతు. లోపలి తలుపు చప్పుడైంది. ఆయన గబగబా బిరడాలు తిప్పి తీగలన్నిటినీ కీబోర్డు దగ్గరికి దించాడు.

ఆ సాయంత్రం ముగ్గురూ ఒక్కటిగా కలిసిపోయారు. ఆమె పై స్వరాన్ని అవలీలగా అందుకుంది. తింటున్నవాళ్లు చెంచాలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. మేనేజరు దూరం నుంచే బాగుందని తల ఊపాడు.

విరామంలో ఆమె మంచినీళ్లు తాగుతూ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నా గొంతు పోయిందనుకున్నానండీ. మీ ఇద్దరికీ చెప్పకుండా ఎంత ఏడ్చానో! చూశారా, అంతా మీ గిటారు వల్లే."

"అవును," అన్నాడాయన. "అంతా గిటారు వల్లే."

"ఇవాళ ఎంత తేలిగ్గా ఉందో! వచ్చే పాట ఒక మెట్టు పైనుంచి ఎత్తుకుందాం. ఒరేయ్ తమ్ముడూ, పెంచరా."

బావమరిది చేతులు కదల్లేదు. బావ వైపు చూశాడు. ఆ మెట్టు ఎక్కితే ఆమెకు అందని పాత శ్రుతిని కూడా దాటిపోతుందని ఇద్దరికీ తెలుసు. ఆమె అప్పటికే మైకు ముందు నిలబడి, ఊపిరి పీల్చుకుని, కానివ్వండన్నట్టు ఆయన వైపు తల ఊపింది.

ఆమె అడిగిన మెట్టులోనే ఆయన పాట మొదలుపెట్టాడు.