ఏ కనుబొమ్మ మీది గాటు

మా ఆయన సమాధి రాయి మీద ముఖం దింపించడానికి నేనూ నా బిడ్డా ధారూర్‌లో రైలెక్కి తాండూరు పోయాము. ఏడాది ప్రార్థన నాటికి రాయి నిలబెట్టాలి. రంగు ఫోటో అతికిస్తే ఎండకు వెలిసిపోతుంది. నల్ల రాయిలో దింపితే ఉంటుంది.

దుకాణంలో ముందు ఫోటోకు నెగటివ్ తీస్తారు. తెలుపు నలుపవుతుంది, నలుపు తెలుపవుతుంది. దాన్ని ఇంకో పలచని ఫిల్ము మీద పరిచి, ఊదా రంగు ట్యూబులైట్లున్న పెట్టెలో పెడతారు. అది యూవీ లైటట. లైటు తగిలిన చోట ఫిల్ము గట్టిపడుతుంది, తగలని చోట నీళ్లకు కొట్టుకుపోతుంది. ఆ ఫిల్మును రాయికి అంటించి ఇసుక కొడితే, ఖాళీల్లో రాయి తెల్లబడి ముఖం తేలుతుంది.

పేరుకు ఒక నెగటివ్, ముఖానికి ఒకటి. నేను చదువు నేర్చింది బిడ్డకు పెళ్లయ్యాక. పేరును కూడబలుక్కుని చూసి సరే అన్నాను. తర్వాత దుకాణం అతను ముఖం నెగటివ్‌ను వెలుతురుకు పట్టాడు. మా ఆయన తెల్లజుట్టు నల్లగా, ముఖం బొగ్గులా ఉంది. అయినా కనుబొమ్మ మీది గాటు తెలిసింది. కరణ్‌కోట క్వారీలో రాయి పెచ్చు ఎగిరి కోసిన గాటు.

"గాటు గిటు కాదు, అటు," అన్నాను.

"నెగటివ్ గదా పెద్దమ్మా, కండ్లకు గట్లనే కొడ్తది," అని నవ్వి, అతను పక్కన నా బిడ్డ ఫోన్లోని ఫోటో పెట్టాడు. రెండింట్లోనూ గాటు ఒకేవైపు ఉంది.

"సూడమ్మా, నాయన పక్కన నిలబడి నేనే తీసిన గీ ఫోటో. ఫోన్ అబద్ధమాడ్తదా?" అంది బిడ్డ.

"రాయి మీద పడ్డంక మళ్ల మార్చరాదు. ఇప్పుడే సోంచాయించుకోండ్రి," అన్నాడతను.

నాకు భయమేసింది. ఎదురుగా కూర్చుని ఇన్నేళ్లు అన్నం పెట్టిన ముఖం. కళ్లు మూసుకుంటే ముఖం వస్తోంది, గాటు మాత్రం ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతోంది. పోయినవాళ్ల గొంతు మర్చిపోతామని విన్నాను. ముఖం కూడా పోతుందని నాకెవరూ చెప్పలేదు.

ఆ దెబ్బకు పసుపు అద్దింది నేనే. బిడ్డను ఎదురుగా నిలబెట్టి, "కదలకు," అని కుడిచేయి ఎత్తాను. చేయి తిన్నగా పోయి దాని ఎడమ కనుబొమ్మ మీద ఆగింది.

"గిదీ. నా చెయ్యి మర్వలే."

అతను ఫోన్ తీసుకుని ఫోటో పెద్దది చేశాడు. "అంగీ జేబు సూడు చెల్లె. మీ నాయన కుడిరొమ్ము మీదున్నది. గసుంటి అంగీ ఎవరన్న కుడ్తరా? ఇది సెల్ఫీ కదా?" కొన్ని ఫోన్లు సెల్ఫీని అద్దంలోలాగా తిప్పి దాస్తాయని చెప్పాడు.

"నాకెందుకు యాదికి రాలేదమ్మా?" అంది బిడ్డ.

"వికారాబాద్‌ల కూసోని ఫోన్లనే సూస్తివి మీ నాయనను. ఎట్ల యాదికుంటది?"

దాని ముఖం చిన్నబోయింది. ఉన్నమాటే అన్నాను.

అతను ఫోటో తిప్పి కొత్త నెగటివ్ తీశాడు. లైటు పెట్టెలోంచి తీసిన ఫిల్మును కుళాయి కింద పట్టి కడిగితే, ఎడమ కనుబొమ్మ మీద సన్నటి గీత విచ్చుకుంది.

"కొట్టు," అన్నాను.

లోపల ఇసుక కొడుతున్నంతసేపూ బిడ్డ ఫోన్లో ఒక్కో ఫోటో తీసి అడుగుతూనే ఉంది. "గిది సక్కగున్నదా, తిర్గబడ్డదా? మరి గిది?" గాటు కనబడిన వాటికి వెంటనే చెప్పాను. దుప్పటి కప్పుకుని, తలరుమాలు కళ్ల దాకా దించుకున్నది ఒకటి వచ్చింది. చాలాసేపు చూశాను. అది సరిగ్గా ఉందో తిరగబడిందో మాత్రం చెప్పలేకపోయాను.