పద్దెనిమిది నెలల ఖాళీ గడి

నాచారంలో మా ఫ్యాక్టరీ రికార్డు గదిలో కింది అరలోంచి ఒక ఫైలు తీద్దామని వంగాను. లేవలేకపోయాను. ఫైలు బరువు అరకిలో ఉంటుందేమో. ఇంత చిన్న పనికి ఇంత నాటకమా అని నడుం మీదే చిరాకు పడ్డాను.

అప్పుడు నేనో మందుల కంపెనీలో నాణ్యత చూసే క్యూఏ విభాగంలో ఎగ్జిక్యూటివ్‌ని. ఇతరులు రాసిన రికార్డుల్లో ఖాళీ గడులు పట్టుకోవడం నా పని. మందుల ఫ్యాక్టరీలో ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. తప్పు రాస్తే చెరపకూడదు. కింద రాసింది కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి తేదీ వెయ్యాలి. నాకన్నా ఇరవయ్యేళ్లు పెద్దవాళ్లైన ఆపరేటర్లను నిలబెట్టి మరీ ఈ పాఠం చెప్పేవాణ్ని.

నొప్పికి ఉప్పల్ రోడ్డు గుంతలే కారణమని తేల్చేశాను. మా అక్క భర్త సురేశ్ బావ స్కూలు వ్యాను నడుపుతాడు. "నేను పొద్దంత గదే రోడ్డు మీద తిరుగుత. నా నడుం మంచిగనే ఉన్నది గదా," అన్నాడు. రెండు నెలలు బామ్ రాసుకుంటూ గడిపాను. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. ప్యాంటు వదులైతే డైటింగ్ ఫలించిందనుకున్నాను. డైటింగ్ ఎప్పుడూ చేయలేదన్న సంగతి గుర్తు రాలేదు.

ఒక ఉదయం ఎడమ కాలి చెప్పు జారిపోయినా నాకు తెలియలేదు. బావ ఇక జోకులు వేయలేదు. పిల్లల్ని స్కూల్లో దించి, అదే వ్యానులో నన్ను వెనక సీటు మీద పడుకోబెట్టి దవాఖానాకు తీసుకెళ్లాడు.

ఎమ్మారై అయింది, బయాప్సీ అయింది. డాక్టరు గారు తెర మీద నా వెన్నెముక చూపించారు. "స్పైన్ టీబీ. రెండు వెర్టిబ్రా దెబ్బతిన్నాయి. మూడు నెలలు బెడ్ రెస్ట్. మందులు ఏడాది పైనే వాడాలి."

"ఆఫీసుకి ఎప్పుడు వెళ్లొచ్చు సార్?"

"ముందు బాత్రూం దాకా వెళ్లండి."

నాకన్నా బాగా జోకు వేసేవాళ్లంటే నాకు పడదు. ఆయనకు మినహాయింపు ఇచ్చాను.

ఇంట్లో అమ్మ నా కంచం, గ్లాసు వేరు పెట్టింది. తర్వాతి చెకప్‌లో ఇది అంటుకుంటుందా అని తనే డాక్టరును అడిగింది. "మీ వాడికి ఊపిరితిత్తుల్లో లేదమ్మా, వెన్నులోనే ఉంది. ఇది పక్కవాళ్లకు అంటదు," అన్నారాయన. ఆ రోజు అమ్మ నా మంచం పక్కన కూర్చుని నా కంచంలోనే అన్నం కలిపింది. "ఇన్నొద్దులు నా కొడుకును పక్కకు పెట్టిన," అంది. నాకో ముద్ద పెట్టి తనో ముద్ద తింది. దీని మీద వేయడానికి ఇప్పటికీ నా దగ్గర జోకు లేదు.

ఆరో వారంలో వాంతులు మొదలయ్యాయి. కళ్లు పచ్చబడ్డాయి. మందులు లివర్‌కు పడలేదు. "అన్నీ ఆపేద్దాం. తగ్గాక ఒక్కొక్కటే మొదలుపెడదాం," అన్నారు డాక్టరు. భయమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. సెలవులు కూడా అయిపోయాయి. పడుకునే రాజీనామా మెయిల్ పంపాను.

తర్వాత మందులు పడ్డాయి. నడుముకు బ్రేస్ కట్టారు. అందులో నేను, అట్ట పెట్టి మడిచిన కొత్త చొక్కాలా నిలబడేవాణ్ని. నెమ్మదిగా బాత్రూం దాకా, వీధి చివరి దాకా, ఉప్పల్ బస్టాండ్ దాకా నడిచాను. పద్దెనిమిది నెలలకు డాక్టరు మందులు ఆపించి ఫిట్‌నెస్ లెటర్ ఇచ్చారు. దాంట్లో రెండు వాక్యాలు అదనంగా రాశారు: బరువులెత్తకూడదు, గంటకోసారి లేచి ఐదు నిమిషాలు నడవాలి. ఇది చూపిస్తే ఉద్యోగం ఎవరిస్తారని మడిచి ఫైలు అడుగున దాచేశాను.

రెండు కంపెనీల వాళ్లు ఫోనులో గ్యాప్ గురించి అడిగారు, నేను నీళ్లు నమిలాను, మళ్లీ ఫోను రాలేదు. మూడోసారి రెజ్యూమేలో ఆ ఖాళీలో 'ఫ్యామిలీ బిజినెస్' అని రాశాను. ఏ ఆపరేటరైనా ఈ పని చేసుంటే నేనే మెమో ఇప్పించేవాణ్ని.

బావ చదివి, "మనదేం బిజినెస్ బామ్మర్దీ?" అన్నాడు.

"నీ వ్యాను."

"అండ్ల నువ్వు పండుకునుడు తప్ప ఏం జేసినవ్?"

ఇంటర్వ్యూ నాచారంలోనే, వేరే మందుల కంపెనీలో. క్యూఏ హెడ్ లక్ష్మి మేడం, గుంటూరు వైపు మనిషి, రెజ్యూమే మీద వేలు పెట్టారు.

"ఏం బిజినెస్సండీ?"

"ట్రాన్స్‌పోర్ట్ మేడం."

"ఎన్ని బళ్లు?"

"ఒకటి."

"అందులో మీరేం చేసేవారు?"

బావ ప్రశ్నే. జవాబు కూడా అదే. పెన్ను తీసి 'ఫ్యామిలీ బిజినెస్' మీద ఒక్క గీత కొట్టాను. పక్కన 'స్పైన్ టీబీ చికిత్స, పూర్తయింది' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. అడుగున దాచిన లెటర్ కూడా తీసిచ్చాను.

మేడం రెజ్యూమే తన వైపు తిప్పుకున్నారు. "కొట్టేసింది కనబడుతోందే."

"కనబడాలి కదండీ."

ఆవిడ నవ్వలేదు. లెటర్ రెండుసార్లు చదివారు. "గంటకోసారి నడవాలన్నమాట. మా వాళ్లు కుర్చీలోంచి లేవరు. మందులు తయారయ్యే షాప్ ఫ్లోర్‌లో రౌండ్లు మీకిస్తే చేస్తారా?"

నాలుగు రోజులకు ఉద్యోగం ఖాయమైందని హెచ్ఆర్ నుంచి ఫోనొచ్చింది. స్కూలు సెలవు రోజున బావ ఖాళీ వ్యానులో మమ్మల్నందరినీ ఎక్కించి నాచారం దాకా తిప్పి తెచ్చాడు. ఫ్యామిలీ బిజినెస్ ఆ ఒక్కరోజు నిజంగానే నడిచింది.

చేరి ఎనిమిది నెలలైంది. చలికాలం పొద్దున నడుం పట్టేస్తుంది, అంతే. రికార్డుల్లో ఇప్పటికీ ఖాళీ గడులు పట్టుకుంటున్నాను. కాకపోతే పాఠం మొదలుపెట్టే ముందు, "ఆ టైంలో ఏమైందన్నా?" అని అడుగుతున్నాను.

జబ్బు నుంచి లేచి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. డాక్టరు చేత 'ఫిట్' అని మాత్రమే రాయించుకుని వచ్చేయకండి. ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో కూడా రాయించుకోండి. ఆ కాగితాన్ని నాలా ఫైలు అడుగున పెట్టకండి, పైన పెట్టండి. నా కాగితం సంగతి మా ఫ్లోర్‌లో అందరికీ తెలుసు. లంచ్‌లో కూర్చుని ఇది రాస్తుంటే సీనియర్ ఆపరేటర్ యాదగిరన్న తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సార్, గంట దాటింది. రాసుడు బందువెట్టి లెవ్వున్రి."

లేస్తున్నాను.