తార్నాక నుంచి మంచు దీవికి బస్సు

మా మ్యాపింగ్ నిపుణుల సంఘానికి నేను కార్యదర్శిని. ఈ రోజు యూనివర్సిటీ సెమినార్ హాల్లో సర్వసభ్య సమావేశం. కోరం లేక ఇప్పటికే ఒకసారి వాయిదా పడింది. మళ్లీ అదే జరిగితే సంఘం రద్దు కావలసిందే. తీరా చూస్తే ఒక్క సభ్యుడు తక్కువయ్యాడు. మా పాత సభ్యుడు యాదగిరన్నకు ఫోన్ చేశాను.

“ఏడున్నవన్నా?”

“తార్నాక బస్టాప్ కాడ. నువ్వు పంపిన లొకేషన్ ఉత్తర ధ్రువం పక్కన మంచు దీవిల చూపిస్తున్నది. గాడికి ఏ బస్సు పోతదో అడుగుతున్న.”

చూసుకున్నాను. అక్షాంశం స్థానంలో రేఖాంశం టైపు చేశాను. అదీ, పలుమార్లు సరిచూసి పంపిన సందేశంలో.

“హాలు నీకు ఎరుకే కదన్నా. దండం పెడ్త, జల్ది రా!”

ఆయన ఆటోలో వచ్చేశాడు. ఈలోగా అక్షాంశ రేఖాంశాల్లో ఏది ముందు రాయాలన్న వాదన హాల్లో ముదిరి, ఇద్దరు సభ్యులు అలిగి వెళ్లిపోయారు. మెట్ల దాకా పరుగెత్తి బతిమాలినా ఆగలేదు.

అధ్యక్షులు దయతలచి రేపు సాయంత్రం వరకు గడువిచ్చారు. సభ్యులారా, మీరు ఏది ముందు రాస్తారో హాలుకు వచ్చి చెప్పండి. ఇక్కడ పెట్టే కామెంట్లు కోరం కింద లెక్కకు రావు.