పచ్చి తొక్క బరువు

ల్యాబులో ఆవిడను అందరూ తొక్కలక్క అంటారు. నారింజ, నిమ్మ, బత్తాయి తొక్కల్లో ఒంటికి మేలు చేసే పదార్థాలు ఎంతున్నాయో కొలవడమే ఇరవై ఏళ్లుగా ఆవిడ పని. పండు ఎవరు తిన్నా సరే, తొక్క మాత్రం ఆవిడ బల్ల మీదకు రావలసిందే. ఆవిడ రాసిన అంకెకు తిరుగులేదని పెద్ద సారు కూడా ఒప్పుకుంటాడు. ఆయన దేనికైనా ఒప్పుకోవడమంటే మాటలు కాదు.

ఆవిడ అన్నయ్య పద్నాలుగేళ్లు రకాలు కలిపి, అంట్లు కట్టి, కట్టి, ఒక కొత్త రకం నారింజ తయారుచేశాడు. పండు ఒట్టి చేదు, నోట పెట్టలేం. తొక్కలో సరుకుంటే మందుల కంపెనీ తోట మొత్తం తీసుకుంటానంది. లేదంటే ఆ చెట్లు పొయ్యిలోకే.

తొక్కను రెండు రోజులు ఆరబెట్టి, పొడి చేసి, అప్పుడు తూయాలి. అన్నయ్య పండ్లు వచ్చిన రోజు ఆవిడకు కాలు నిలవలేదు. మంచి కబురు తానే ముందుగా చెప్పాలని పచ్చి తొక్కనే తూచేసింది. నీటి బరువు తీసేసి లెక్క తర్వాత సరిచేయొచ్చులే అనుకుంది. తీరా మిషను చూపించిన అంకె రెండుసార్లు చూసుకుంది. మిగతా రకాల్లో ఉండేదానిలో పావు వంతు ఉంది, అంతే. ఆ దిగులులో సరిచేయడమే మరిచిపోయి, ఏడుస్తూ రిపోర్టు మీద సంతకం పెట్టింది. సొంత అన్న కోసం కూడా అంకె మార్చలేదని లోలోపల కాస్త గర్వపడింది కూడా, పిచ్చి మనిషి.

నాలుగు నెలల తర్వాత పాత నోటుబుక్కు తిరగేస్తుంటే ‘తడి శాతం’ గడి ఖాళీగా కనిపించింది. పచ్చి తొక్కలో ముప్పావు వంతుకు పైగా నీళ్లే. నిలబడిన చోటే లెక్క కట్టింది. అన్నిటికంటే అన్నయ్యదే ఎక్కువ.

బస్సు దిగి తోటకు పరిగెత్తింది. వరసగా అంటుకు కిందికి నరికిన మొద్దులే ఉన్నాయి. కొమ్మలు ఎప్పుడో కాల్చేశారు. మళ్లీ అంటు కడదామన్నా చిగురు లేదు.

అన్నయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ కూలబడి, జరిగిందంతా చెప్పింది.

“ఇంకోచోట ఎందుకు చూపించలేదు అన్నయ్యా? ఒక్కసారి, ఇంకొక్కచోట!”

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. కోప్పడితే ఆవిడ ప్రాణం కొంచెం కుదుటపడేది. ఆయన కోప్పడలేదు.

“మీ వదిన కాళ్లావేళ్లా పడిందే. మా చెల్లి కొలిచాక ఇంకెవరు కొలవాలని తన మీద అరిచి, గొడ్డలి నేనే తీసుకున్నాను.”